సగం ధరకు కొని సగం పారేస్తే మిగిలేదెంత?

ప్రశ్న: నా వయసు 34. చర్మానికి, జుట్టుకి, మేకప్‌కి కలిపి నెలకు ఇంత అని కొంత డబ్బు పక్కన పెట్టుకుంటాను. రెండేళ్లుగా ఆ మొత్తం పెంచలేదు, ధరలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. కొన్నిటికి ధర అంతే ఉన్నా సీసా చిన్నదైంది. అందుకని ఆరు నెలల క్రితం సీజన్ సేల్‌లో ఒకేసారి చాలా కొన్నాను. ఇప్పుడు చూస్తే రెండు నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) సీరమ్‌లకు సీలు కూడా విప్పలేదు. 30 మి.లీ. విటమిన్ సి సగం వాడేసరికే ముదురు గోధుమరంగుకి తిరిగింది. మస్కారాలు రెండూ తెరిచాను, రెండూ ఎండిపోయాయి. 50 మి.లీ. సన్‌స్క్రీన్ ఒక్కటే కొన్నాను, అది రెండు నెలలకే అయిపోయి తర్వాత పూర్తి ధర పెట్టాల్సి వచ్చింది. మూడు వారాల్లో మళ్లీ సేల్ ఉంది. సన్‌స్క్రీన్ ఒకటి కొంటే ఒకటి ఉచితమట. ఈసారి ఏం కొనాలి, ఎన్ని కొనాలి? చవక రకాలకు మారితే నష్టమా? మిగిలిపోయినవి వాడొచ్చా? (ఒక పాఠకురాలు)

సమాధానం: సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉందండీ. త్వరగా అయిపోయేది ఒక్కటే కొన్నారు, నెమ్మదిగా అయ్యేవి రెండేసి కొన్నారు. తగ్గింపు ఎంతో దుకాణం వాళ్లు పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఆ వస్తువు మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తుందో ఎవరూ రాయరు, అది మీరే తేల్చుకోవాలి. మూడు వారాల గడువు ఉంది కాబట్టి సేల్ లోపే తేలిపోతుంది.

వంటింట్లో గ్రాముల్లో తూచే డిజిటల్ తూకం ఉంటే, ఇప్పుడు వాడుతున్న సీసాలు, ట్యూబులు అన్నీ మూతతో సహా తూచి బరువు రాసుకోండి. పది రోజులు ఎప్పటిలాగే వాడండి. లెక్క కోసమని చెయ్యి బిగపట్టొద్దు. తర్వాత మళ్లీ తూచండి. ఖాళీ సీసా బరువెంతో తెలియకపోయినా ఫరవాలేదు, మనకు కావలసింది తేడాయే. మాయిశ్చరైజర్ సీసా మొదట 148 గ్రాములు, పది రోజులకు 127 గ్రాములు తూగిందనుకోండి. రోజుకు 2.1 గ్రాములు వాడినట్టు. లోషన్లు, క్రీములు, షాంపూల్లో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి గ్రామునీ మిల్లీలీటరునీ ఒకటే అనుకుని లెక్క వేసుకోవచ్చు. నూనెలకు, ఆల్కహాల్ ఎక్కువున్న వాటికి కొద్దిగా తేడా వస్తుంది, అంతే. ఈ లెక్కన 100 మి.లీ. సీసా 47 రోజులు వస్తుంది. తర్వాతి సేల్ ఆరు నెలలకనుకుంటే 180 రోజులకు 378 మి.లీ. కావాలి. చేతిలో సగం సీసా ఉందనుకుంటే మూడు కొంటే చాలు. చివరి రెండు వారాలకు కాస్త తక్కువ పడుతుంది, పడనివ్వండి. ఒక చిన్న సీసా పూర్తి ధరకు కొనుక్కోవడం కంటే ఒక పెద్ద సీసా పాడైపోవడమే ఖరీదైన వ్యవహారం.

తూకం లేకపోతే ఇంకో దారి. కొత్తది తెరిచిన రోజే సీసా అడుగున మార్కర్‌తో తేదీ రాయండి, అయిపోయిన రోజు ఫోన్‌లో రాసుకోండి. ఇది నెమ్మదిగా తేలే లెక్క, ఈ సేల్‌కి అందదు గానీ వచ్చే సేల్‌కి మీ చేతిలో పక్కా చిట్టా ఉంటుంది.

ఇక సన్‌స్క్రీన్. ఇక్కడ ఖర్చు తగ్గించడం కంటే ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. 50 మి.లీ. ట్యూబు మీకు రెండు నెలలు వచ్చిందంటే రోజుకు 0.8 మి.లీ. పూశారన్నమాట. డబ్బా మీద వేసే ఎస్‌పీఎఫ్ అంకెను (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పేది) చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందాన పూసి కొలుస్తారు. ముఖానికి, మెడకి కలిపి ఆ మందం రావాలంటే సుమారు 2 మి.లీ. పడుతుంది, అర టీస్పూనుకు కాస్త తక్కువ. మీరు అందులో సగం కూడా పూయడం లేదు. అంత పలచగా పూస్తే ఎస్‌పీఎఫ్ 50 అని రాసున్నా మీ చర్మానికి అందే రక్షణ అందులో కొద్ది భాగమే. అంటే త్వరగా అయిపోయిందని మీరనుకుంటున్న ట్యూబు నిజానికి అతిగా లాక్కొచ్చిన ట్యూబు.

సరిగ్గా పూస్తే 50 మి.లీ. రోజుకు ఒక్కసారి వాడకానికి 25 రోజులు వస్తుంది. ఆరు నెలలకు ఏడు ట్యూబులు. ఎండలో తిరిగే పని ఉండి రెండు గంటలకోసారి మళ్లీ పూయాల్సి వస్తే ఇంకా ఎక్కువ. ఈ అంకె చూసి గుండె గుభేలుమంటే, మార్చాల్సింది పూసే మోతాదును కాదండీ, కొనే రకాన్ని. ఖరీదైన చిన్న ట్యూబును పొదుపుగా రాసుకునేకంటే మి.లీ.కి తక్కువ పడే పెద్ద సీసాను ధారాళంగా పూసుకోవడం మేలు. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు పైన, యూవీఏ (చర్మం లోతుకు వెళ్లే ఎండ కిరణాలు) నుంచి కూడా కాపాడుతుందని రాసి ఉండాలి, కళ్లు మండకూడదు, ముఖం తెల్లబడి పూయబుద్ధి కాకుండా ఉండకూడదు. ఇవి కుదిరితే మిగతా హంగులకు డబ్బు పెట్టనక్కర్లేదు. టోపీ, గొడుగు, పొడుగు చేతుల చొక్కా ఎంత చోటు కప్పితే అంత మేర సన్‌స్క్రీన్ మిగులుతుంది, వాటికి గడువు తేదీ కూడా ఉండదు.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నది మీరు ఇప్పటికే వాడి చూసిన రకమైతే మూడు జతలు తీసుకోండి. ఆరు ట్యూబులు 150 రోజులు వస్తాయి. గడువు తేదీ మాత్రం కనీసం తొమ్మిది, పది నెలల దూరంలో ఉండాలి, ఎందుకంటే చివరి ట్యూబు మీరు అయిదో నెలలో తెరుస్తారు. ఎప్పుడూ వాడని రకమైతే జత జోలికి వెళ్లకుండా సేల్ లోపే ఒక చిన్నది కొని వారం వాడి చూడండి. పడని సన్‌స్క్రీన్ ఆరు ట్యూబులు ఇంట్లో ఉంటే ఉచితం కాస్తా ఎదురు ఖర్చవుతుంది.

విటమిన్ సి కథ దీనికి పూర్తిగా తిరగబడ్డది. సీరమ్‌లలో వాడే ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సి అసలు రూపం) గాలి, వెలుతురు, వేడి తగిలితే ఆక్సీకరణం చెందుతుంది. మూత తీసిన ప్రతిసారీ కొంచెం కొంచెం చెడుతూనే ఉంటుంది. తెరిచాక సుమారు మూడు నెలల్లో వాడేయాలి. పూటకి అయిదు చుక్కలంటే పావు మి.లీ. ఆ లెక్కన మీ 30 మి.లీ. సీసా 120 రోజులు రావాలి, కానీ 90 రోజుల తర్వాత అందులో పస ఉండదు. సగంలోనే రంగు మారడం మీ తప్పేం కాదు, మీ వాడకానికి ఆ సీసా పెద్దది. 30 మి.లీ. ధర 100, 15 మి.లీ. ధర 65 అనుకుందాం. పైకి చూస్తే పెద్దదే చవక, మి.లీ.కి 3.33 పడుతుంది, చిన్నదానికి 4.33. కానీ పెద్ద సీసాలో మీరు పనికొచ్చేలా వాడేది 22.5 మి.లీ. మాత్రమే. ఆ 100ని దాంతో భాగిస్తే 4.44. చిన్న సీసాయే చవక తేలింది. మి.లీ. ధర చూడమని అందరూ చెబుతారు, మంచి సలహానే. అయితే భాగించాల్సింది సీసాలో ఉన్న మి.లీ.లతో కాదు, ముఖానికి చేరే మి.లీ.లతో.

కాబట్టి విటమిన్ సి సీసా ఒక్కటి చాలు, చిన్నది, ముదురు రంగు సీసాలోనో గాలి చొరబడని పంపులోనో ఉన్నది, 10 నుంచి 20 శాతం మధ్య. 20 దాటితే చర్మం అదనంగా పీల్చుకునేది లేదు, మంట మాత్రం పెరుగుతుంది. రెటినాల్‌కీ (ముడతలకు వాడే విటమిన్ ఎ రకం) ఇదే జాగ్రత్త: వెడల్పు మూత డబ్బాల కంటే అల్యూమినియం ట్యూబు నయం.

శాతాల గురించే ఇంకో మాట. పెద్ద అంకె ఉన్నది పెద్ద ధరకు అమ్ముడుపోతుంది. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం ఉన్నది ఎర్రటి మొటిమల మీద 10 శాతంతో సమానంగా పనిచేస్తుందని 1980లలోనే తేలింది, పైగా చర్మం తక్కువ ఎండుతుంది. నియాసినమైడ్ మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతం. 10 శాతానికి రెట్టింపు ధర పెట్టాల్సిన అవసరం కనిపించదు.

ఇప్పుడు సేల్ ధరల సంగతి. ఈ రోజే మీ జాబితాలో ఉన్న ప్రతి వస్తువు ధర, పరిమాణం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, వారానికోసారి మళ్లీ చూడండి. 100 ఉన్నది సేల్ ముందు 125 చేసి 20 శాతం తగ్గిస్తే మళ్లీ 100కే వస్తుంది. ఫొటో లేకపోతే అది మీకు 25 మిగిలినట్టు కనిపిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి, తగ్గింపు ప్రకటించేవాళ్లు అంతకుముందు 30 రోజుల్లోని అతి తక్కువ ధరను కూడా చూపించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అటువంటి నిబంధన లేని చోట మీ ఫోన్‌లోని ఫొటోయే నిబంధన.

సీసా చిన్నదైన చోట మోసం ఇంకా సన్నగా ఉంటుంది. 50 మి.లీ. ఉన్నది అదే ధరకు 40 మి.లీ. అయితే ధర 25 శాతం పెరిగినట్టు. సేల్‌లో దాని మీద 20 శాతం తగ్గిస్తే మీరు కడుతున్నది సరిగ్గా పాత ధరే, మి.లీ. లెక్కన ఒక్క పైసా మిగల్లేదు. క్రీము డబ్బాల్లో మందపాటి గోడ, పైకి ఉబ్బిన అడుగు ఉంటాయి, చేతిలో పట్టుకుంటే బరువుగా ఉంటుంది, లోపల 30 గ్రాములే. డబ్బా సైజు చూడకుండా నికర పరిమాణం అని రాసిన చోటే చూడండి.

20 శాతం, దాని మీద అదనంగా 10 శాతం అంటే 30 కాదు. 100లో 20 పోగా 80, ఆ 80లో 10 శాతం 8, మొత్తం తగ్గింది 28. రెండోది సగం ధరకు అంటే రెండిటి మీద కలిపి 25 శాతం. రెండు కొంటే మూడోది ఉచితం అంటే 33. ఒకటికి ఒకటి ఉచితం అంటే 50, కానీ ఆ రెండోది సగం వాడి పారేస్తే 100 పెట్టి ఒకటిన్నర కొన్నట్టు, అసలు తగ్గింపు 33 శాతమే. అదే వస్తువు ఇంకో చోట 35 శాతం తగ్గింపుతో ఒక్కటే దొరికితే అదే మేలు.

బిల్లు ఇంత దాటితే డెలివరీ ఉచితం అన్నది చాలామంది జేబుకు చిల్లు పెట్టే చోటు. డెలివరీ ఖర్చు 5 తప్పించుకోవడానికి 15 పెట్టి జాబితాలో లేని లిప్‌బామ్ కొంటే 10 పోయినట్టే. అలా ఇంకో వస్తువు కావలసి వస్తే ఎలాగూ అయిపోయే షాంపూనో, సబ్బునో, దూదినో వేయండి. గిఫ్ట్ కిట్ల మీద "విలువ 300" అని వేస్తారు. అందులో మీరు పూర్తిచేసే వస్తువులు ఏవో వేలు పెట్టి లెక్కపెట్టి, వాటి విడి ధరలు మాత్రమే కలపండి. అయిదింటిలో రెండే పనికొస్తాయని తేలితే ఆ కిట్టు మీకు గిట్టదు. పండుగ బొమ్మలు వేసిన పెట్టెల్లో వచ్చే కిట్లు పండుగ వెళ్లిన మర్నాటి నుంచి ఇంకా తగ్గుతాయి. పెట్టె అందం కోసం కాకపోతే అప్పటిదాకా ఆగండి.

చవక రకాలకు మారితే నష్టమా అన్నారు. దేనిలో మారుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫేస్‌వాష్ ముఖం మీద నిమిషం ఉండి నీళ్లతో పోతుంది. అందులో విటమిన్‌లు, పెప్టైడ్‌లు (చిన్న ప్రొటీన్ ముక్కలు) ఉన్నాయని ఎక్కువ ధర పెట్టడం కాలువలో పోయడమే. కడిగాక చర్మం బిగుసుకోకపోతే ఆ ఫేస్‌వాష్ చాలు. బాడీ లోషన్, మాయిశ్చరైజర్ కూడా నిర్భయంగా మార్చొచ్చు. వాటిలో అసలు పని చేసేవి గ్లిజరిన్, పెట్రోలాటమ్, డైమెథికోన్, సెరమైడ్‌ల వంటివి, ఇవి చవక సీసాల్లోనూ దండిగా ఉంటాయి. టోనరు, ఎసెన్సు, మిస్టు, హైడ్రేటింగ్ సీరమ్ నాలుగూ వాడుతున్నవాళ్లు నాలుగింటి వెనకవైపు పక్కపక్కన పెట్టి చదివితే నీళ్లు, గ్లిజరిన్, తేమ పట్టి ఉంచే హైలురోనిక్ యాసిడే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి ఉంచుకుని మూడు మానేయండి. కంటి కింద క్రీము చాలావరకు చిన్న డబ్బాలో పెట్టిన మాయిశ్చరైజరే.

వెనకవైపు చదవడంలో ఒక కిటుకు ఉంది. చాలా దేశాల్లో పదార్థాల పేర్లు ఎక్కువ పరిమాణం నుంచి తక్కువకు రాయాలి, 1 శాతం కంటే తక్కువ ఉన్నవి మాత్రం ఏ వరసలోనైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను (చెడిపోకుండా కలిపే పదార్థాన్ని) యూరప్ నిబంధనలు గరిష్ఠంగా 1 శాతానికే అనుమతిస్తాయి, మిగతా చోట్లా చాలామంది తయారీదారులు ఆ హద్దే పాటిస్తారు. అందుకని జాబితాలో ఆ పేరు ఎక్కడుందో వెతికి వేలు పెట్టండి. దాని తర్వాత ఉన్నవన్నీ 1 శాతం లోపే. సీసా ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న పువ్వు సారమో, పండు సారమో ఈ గీత కింద చివర్లో కనిపిస్తే మీరు పేరుకే డబ్బు కడుతున్నట్టు. రెటినాల్, పెప్టైడ్‌లు, హైలురోనిక్ యాసిడ్ లాంటివి 1 శాతం లోపు కూడా పనిచేస్తాయి, వాటిని ఈ గీతతో కొట్టేయకండి.

చవకకు తొందరపడకూడని చోట్లూ ఉన్నాయి: మీ రంగుకి సరిగ్గా కలిసిన ఫౌండేషన్, కళ్లకు వాడేవి, పడుతుందని తెలిసిన సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన క్రీములు. ఫౌండేషన్ షేడు ఫోన్ తెరమీద చూసి సేల్‌లో కొంటే తిప్పి పంపడం తప్ప ఇంకేం ఉండదు.

మిగిలిపోయినవి ఒక్కొక్కటీ చూద్దాం. సీలు విప్పని నియాసినమైడ్ సీరమ్‌లకు గడువు తేదీ చూడండి. మూత తెరిచిన డబ్బా బొమ్మ మీద 6, 12, 24 అని కనిపించే అంకె తెరిచిన తర్వాత ఎన్ని నెలలో చెబుతుంది, సీలు ఉన్నంతవరకు ఆ గడియారం మొదలవదు. తేదీ దాటకపోతే ఒకటి తెరిచి మోచేతి లోపలివైపు రెండు మూడు రోజులు పూసి చూసి, ఏమీ కాకపోతే ముఖానికి వాడండి. అది అయ్యాకే రెండోది. ఆ రెండూ ఉండగా ఈ సేల్‌లో నియాసినమైడ్ సీరమ్‌ల వైపు చూడక్కర్లేదు, మీ మాయిశ్చరైజర్‌లోనే నియాసినమైడ్ ఉంటే అసలు వచ్చే సేల్‌కి కూడా. గోధుమరంగు విటమిన్ సి పారేయండి, అది బట్టలకు మరక పెట్టడానికి తప్ప పనికిరాదు. లేత పసుపు వరకు వాడొచ్చు. ఎండిన మస్కారాల్లో నీళ్లో, కంటి చుక్కలో వేసి మెత్తబరచే ప్రయత్నం మాత్రం వద్దు. తెరిచిన మస్కారా మూడు నెలలు, మహా అయితే ఆరు నెలలు. బ్రష్ వెళ్లి వచ్చిన ప్రతిసారీ కంటి రెప్పల మీది సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి, నీళ్లు చేరితే ప్రిజర్వేటివ్ పలచబడి వాటికి పండగే. జత కొనడం తప్పు కాదు, రెండూ ఒకేసారి తెరవడమే తప్పు. బ్రష్‌ను పంపు కొట్టినట్టు పైకీ కిందికీ ఆడించకుండా తిప్పుతూ తీస్తే గాలి తక్కువ వెళ్తుంది.

షాంపూలో నీళ్లు కలిపి సాగదీయడం కూడా ఇదే కారణంగా వద్దు. కావాలంటే ఆ పూటకి సరిపడా అరచేతిలోనే నీళ్లు కలుపుకోండి. జుట్టు ముందు బాగా తడిపి, షాంపూ కుదుళ్లకే పెడితే చాలు, కిందికి జారే నురగతోనే కొసలు శుభ్రమవుతాయి. కండిషనరు అందుకు ఎదురు, మధ్య నుంచి కొసలకు. రీఫిల్ ప్యాకెట్లు చాలాసార్లు మి.లీ.కి తక్కువ పడతాయి, అన్నిసార్లూ కాదు, సేల్‌లో సీసా మీద తగ్గింపు ఉండి ప్యాకెట్ మీద లేకపోవడం మామూలే. రీఫిల్ పోసేముందు పాత సీసా, పంపు గొట్టం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. అడుగున మిగిలినదాని మీదే కొత్తది పోస్తే పాతదాని చెడు కొత్తదానికి అంటుకుంటుంది. స్నానం అయ్యాక చర్మం కాస్త తడిగా ఉండగానే లోషన్ రాస్తే తక్కువతో ఎక్కువ చోటు పరుచుకుంటుంది, తేమ కూడా నిలుస్తుంది.

ట్యూబు నొక్కినా రావట్లేదంటే అయిపోయిందని కాదు. మధ్యకు అడ్డంగా కత్తెరతో కోయండి. మూత ఉన్న భాగంలో, మడత భాగంలో గోడలకు పట్టుకుని ఇంకా కొన్ని రోజులకు సరిపడా ఉంటుంది. మడత భాగం అంచును కొద్దిగా నొక్కి మూత ఉన్న భాగం మీద టోపీలా తొడిగితే మూసుకుపోతుంది. శుభ్రమైన చెంచా కాడతో తీసుకుని వారం పది రోజుల్లో ముగించండి. రెటినాల్ ట్యూబులకు ఈ పని చేయొద్దు, గాలి తగిలి పస పోతుంది.

జుట్టుకు రంగు వేసేవాళ్లు పాయలు నెరిసిన చోటికే పూస్తుంటే రంగు ట్యూబూ, దాంతో కలిపే డెవలపర్ ద్రవమూ మొత్తం కలపకుండా పెట్టె మీద రాసిన నిష్పత్తిలో, అది 1కి 1 కావచ్చు, 1కి 1.5 కావచ్చు, తూకం మీద సగమే కలుపుకోవచ్చు. కలపని ట్యూబు గాలి పిండేసి మూత బిగిస్తే మళ్లీ పనికొస్తుంది. కలిపినది మాత్రం దాచకూడదు, రంగు పనిచేయదు సరికదా, మూత బిగించిన సీసా లోపలి వాయువుతో పగిలే ప్రమాదం కూడా ఉంది. చిక్కబడ్డ నెయిల్ పాలిష్‌లో రిమూవర్ పోయకుండా పాలిష్ థిన్నర్ రెండు మూడు చుక్కలు వేసి సీసాను అరచేతుల మధ్య దొర్లించండి.

డబ్బు సర్దుబాటు ఇలా చేసి చూడండి. నెలకు మీరు పెట్టే మొత్తం 100 అనుకుంటే, అందులో 40 విడిగా దాచండి. ఆరు నెలలకు 240 చేరుతుంది, అదే మీ సేల్ డబ్బు. మిగతా 60లో 50 మధ్యలో అయిపోయేవాటికి, 10 సరదాకి. ఆ 10 తీసేయొద్దని మా సలహా. 2001లో ఆర్థిక మందగమనం వచ్చినప్పుడు లిప్‌స్టిక్ అమ్మకాలు పెరగడం చూసి ఎస్టీ లాడర్ సంస్థ ఛైర్మన్ లెనార్డ్ లాడర్ దానికి లిప్‌స్టిక్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. పెద్ద కొనుగోళ్లు మానుకున్నవాళ్లు చిన్న సరదాల మీద మనసు పడతారన్నది ఆయన లెక్క. సరదాకి చోటే లేకుండా కట్టడి చేసుకుంటే సేల్ రోజు రాత్రి అది మూడింతలై బయటపడుతుంది. ఈసారి సేల్ డబ్బు చేతిలో లేకపోతే క్రెడిట్ కార్డు మీద లాగకండి. నెలకు 3 శాతం వడ్డీ పడే బాకీ మూడు నెలలు తీరకపోతే 9 శాతం పోయినట్టు, 20 శాతం తగ్గింపులో మూడో వంతుకు పైగా అక్కడే కరిగిపోతుంది. చేతిలో ఉన్నంతకే సన్‌స్క్రీన్ ముందు, మాయిశ్చరైజర్, షాంపూ తర్వాత, విటమిన్ సి చిన్నది ఒకటి, మస్కారా ఒకటి. ఆ వరసలో డబ్బు ఎక్కడ ఆగితే అక్కడ ఆపేయండి.

కొన్నవి దాచేది స్నానాలగదిలో వద్దు. వేడి, తడి లేని చీకటి అరలో, గడువు ముందున్నవి ముందువైపు పెట్టండి. సన్‌స్క్రీన్ కారులో వదిలేయకండి. బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా వేడికి దూరంగా ఉంచాలి, వేడిలో అది విడిపోయి క్యాన్సర్ కలిగించే బెంజీన్ ఏర్పడుతుంది.

చివరగా, పార్సిల్ రాగానే చేయాల్సిన పని. సేల్ రద్దీలో గడువు దగ్గరపడిన సరుకు, ఎవరో మధ్యవర్తి అమ్మిన నకిలీ సరుకు రెండూ కదులుతాయి. సీలు విప్పకముందే పెట్టె మీది బ్యాచ్ నంబరు, సీసా అడుగునో ట్యూబు మడతలోనో ఉన్న నంబరు ఒకటేనా చూడండి, రెండూ కలిసి కనిపించేలా ఫొటో తీయండి. తేదీ మీరు వేసిన రోజుల లెక్కకు సరిపోతుందా చూడండి. సరిపోకపోతే, సీలు అలాగే ఉండగా వాపసు గడువులోపే తిప్పి పంపండి. చాలా చోట్ల సీలు విప్పిన కాస్మెటిక్స్ వెనక్కి తీసుకోరు. అన్నీ ఒకే రోజు విప్పి వరసగా పేర్చి చూసుకోవాలనిపిస్తుంది, పెట్టెలు పేర్చుకోండి, సీళ్లు మాత్రం వంతు వచ్చినప్పుడే.